దార్‌ఫుర్ ఆడవాళ్ల నోటికి మార్కులా?

2025 అక్టోబరులో సూడాన్‌లోని దార్‌ఫుర్ ప్రాంతంలో ఎల్ ఫాషిర్ నగరం, సైన్యంతో పోరాడుతున్న ఆర్‌ఎస్‌ఎఫ్ అనే అర్ధసైనిక దళాల చేతికి చిక్కాక ఒక ప్రశ్న వేయడం మరీ తేలికైపోయింది. కవిత్వం చదివి ఏం సాధించారు?

ఎమి అని పిలిచే కవయిత్రి ఎమ్తిథాల్ మహమూద్‌కు ఈ ప్రశ్న గట్టిగానే తగులుతుంది. దార్‌ఫుర్ కుటుంబం, పెరిగింది అమెరికాలో. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగానే 2015లో స్లామ్ అనే కవితా పఠన పోటీలో, వ్యక్తిగత విభాగంలో ప్రపంచ విజేత. ఆ తర్వాత శాంతి కోసం దార్‌ఫుర్ నుంచి రాజధాని ఖార్టూమ్ దాకా 30 రోజుల్లో వెయ్యి కిలోమీటర్లు నడిచింది. 2023 ఏప్రిల్‌లో యుద్ధం రానే వచ్చింది. అంటే నడక దండగేనా?

స్లామ్ సంగతి తెలిసిందే. 1980ల్లో షికాగోలో పుట్టిన పోటీ. కవికి మూడు నిమిషాలు. ప్రేక్షకుల్లోంచే పట్టుకొచ్చిన ఐదుగురు పదికి ఇన్నని అట్ట మీద రాసి పైకెత్తుతారు. సొంత జనం చావుల గురించి చదివిన పిల్లకు దశాంశంతో సహా మార్కు! నాకిది ఏనాడూ మింగుడుపడలేదు. కానీ ఎమి గెలిచిన ‘మామా’ కవిత చూడండి. వీధిలో ఎవడో ఆపి, ఒంటి రంగు చూసి, మాతృభూమి నుంచి, అంటే ఆఫ్రికా నుంచి, వచ్చావా అంటాడు. ఆమె భూమిని పక్కనపెట్టి మాతను పట్టుకుంటుంది.

ఇదంతా నినాదమేనని, కాగితం మీద చప్పబడుతుందని అంటారు. చప్పబడుతుంది, నిజమే. నోటికోసం పుట్టినదాన్ని కాగితం మీద తూచడమెందుకు?

అసలు జవాబు హకామాల దగ్గరుంది. దార్‌ఫుర్, కోర్దొఫాన్ పల్లెల్లో పాట కట్టే ఆడవాళ్లు వీళ్లు. పోరులో నిలబడ్డవాణ్ణి పాటలో ఆకాశానికెత్తుతారు, పారిపోయినవాణ్ణి కడిగేస్తారు. ఆ పాటలో పడ్డాక ఊళ్లో తలెత్తుకోవడం కష్టం. చావుకన్నా ఆ పాటకే జడిసే మగాళ్లుంటారు. ఖార్టూమ్ పాలకులకు ఈ కిటుకు బాగా తెలుసు. యుద్ధానికి మనుషులు కావాల్సి వచ్చినప్పుడు హకామాలను చేరదీశారు. తర్వాత శాంతి కార్యక్రమాలవాళ్లూ ఆ గడపే తొక్కారు. మాట వల్ల ఏమీ కాదని తీరిగ్గా కూర్చున్నవాళ్లు అనుకుంటారు గానీ, తుపాకులున్నవాళ్లు అలా అనుకోలేదు. ఎమి గొంతు ఆ వరసలోదేనని నా వాదన. కాకపోతే ఉసిగొల్పడానికి కాదు, ఆపడానికి.

నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. హకామా అరబ్బీలో పాడితే జానపదం, అదే బాధ ఇంగ్లిష్‌లో, మైకు ముందు చెబితే ప్రపంచ కవిత్వం. ఇందులో ఎమి తప్పేమీ లేదు. చెవులున్న చోటికి వెళ్లి చెప్పింది, అంతే. 2018లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆమెను సద్భావన రాయబారిని చేసింది. హకామాను ఎవరు ఏం చేశారు?

2019 ఏప్రిల్‌లో ఖార్టూమ్ నడివీధిలో ఆలా సలాహ్ అనే విద్యార్థిని కారెక్కి నిలబడింది. ఒంటికి చుట్టుకున్న తెల్లటి తోబ్ వస్త్రం, చెవులకు గుండ్రటి బంగారు దుద్దులు, గాల్లోకి లేపిన చెయ్యి. ఆమె కవితలో ఒక్కో పాదం చదువుతుంటే చుట్టూ జనం ‘సౌరా’ అని అందుకున్నారు. విప్లవం అని అర్థం. మూడు రోజులకు, ముప్పై ఏళ్లు ఏలిన బషీర్‌ను సైన్యమే దించేసింది. ఆ గుంపులో ఒక్కరి చేతిలోనూ మార్కుల అట్ట లేదు, ఫోన్లు తప్ప.