‘బాగుంది, చదవండి’తో పని కాదు

‘మంచి నవల ఒకటి చెప్పండి’ అని ఎవరైనా అడగ్గానే మనలో చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. మనం చెప్పే పేరునుబట్టి మనల్ని ఏ గాటన కడతారోనని. అందుకే చాలామంది విషయంలో ఇష్టంగా చదివినవాటికీ, చదవమని చెప్పేవాటికీ పొంతన ఉండదు. షాడో గూఢచారి నవలలు అద్దెకు తెచ్చుకుని, క్లాసు పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తరం ఇవాళ జాబితా వేస్తే అందులో వాటిని రాసిన మధుబాబు కనపడరు. యద్దనపూడి ప్రేమ నవలలు ఉన్నా, ‘అవన్నీ కాలేజీ రోజుల్లో లెండి’ అన్న సంజాయిషీ వెంట ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ భారీ నవల ‘వేయిపడగలు’కి మాత్రం చోటు ఖాయం. చెప్పినవాళ్లలో ఎంతమంది చివరిదాకా చదివారని అడగకపోవడమే మర్యాద.

పాత అద్దె పుస్తకాల షాపుల్లో ఈ బాధ లేదు. నిన్న తీసుకెళ్లిన డిటెక్టివ్ నవల మర్నాడే తిరిగొస్తే ఓనరు మాట్లాడకుండా అలాంటిదే ఇంకోటి చేతిలో పెట్టేవాడు. వారం దాటినా రాకపోతే, ‘నడవట్లేదా?’ అని అడిగి వేరేది వెతికేవాడు. అతనికి సాహిత్య సిద్ధాంతాలు తెలియకపోవచ్చు. ఎదుటి మనిషి ఎందుకు చదువుతున్నాడో తెలుసు. ఇప్పటి సిఫార్సుల్లో కొరవడింది అదే. పుస్తకం గొప్పదనం చెబుతాం. అది ఎవరికి, ఎందుకు అన్నది మింగేస్తాం.

ఒక్కో రకం కథ మనతో ఒక్కో ఒప్పందం చేసుకుంటుంది. యండమూరి ‘తులసిదళం’నే తీసుకోండి. ఒక చిన్నపిల్లమీద చేతబడి చేయించే కథ. రాత్రిపూట చదివి, లైటు ఆర్పడానికి జంకినవాళ్లు ఇంటికొకరు దొరుకుతారు. ఇంకోపక్క రచయిత్రి రంగనాయకమ్మ ఆ నవలను తిడుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. మూఢనమ్మకాన్ని పెంచుతోందన్న కోపం నాకు అర్థమవుతుంది, చాలావరకు ఒప్పుకుంటాను కూడా. అయినా ఆ పేజీలు తిప్పుతున్నప్పుడు ఒళ్లు జలదరించిందన్నది అబద్ధమైపోదు. భయపెట్టడంలో నెగ్గిందా అన్నది ఒక ప్రశ్న, ఆ భయాన్ని దేనికి వాడుకుందన్నది ఇంకో ప్రశ్న. నాకు చెప్పేవాళ్లు రెండింటికీ విడివిడిగా జవాబు చెబితే, చదవాలో వద్దో నేను తేల్చుకుంటాను. ‘చెత్త’ అన్నా ‘సూపర్’ అన్నా నాకు ఒరిగేదేమీ లేదు.

రావిశాస్త్రి ‘అల్పజీవి’ విషయంలో ఇబ్బంది తిరగబడుతుంది. కాంట్రాక్టరు దగ్గర డబ్బు తీసుకుని, ఆ తర్వాత అతని కంటపడాలంటేనే వణికిపోయే గుమాస్తా సుబ్బయ్య కథ అది. సంఘటనలు తక్కువ, సుబ్బయ్య బుర్రలో తిరిగే భయాలు ఎక్కువ. దీన్ని ‘క్లాసిక్, తప్పక చదవాలి’ అని ఇరవయ్యేళ్ల కుర్రాడి చేతిలో పెడితే ముప్ఫై పేజీలకే బోర్లా పడుకోబెడతాడు, తెలుగు సాహిత్యం తనకు పడదనీ తేల్చేసుకుంటాడు. ‘ఆఫీసులో బాసు పిలిచాడనగానే నీకు కడుపులో ఎలా ఉంటుందో, నవలంతా అదే’ అని చెప్పి ఇవ్వండి. నెమ్మదిగా సాగుతుందనీ ముందే చెప్పండి. అదేమీ పుస్తకాన్ని తక్కువ చేయడం కాదు.

డిటెక్టివ్ యుగంధర్ నవలల గురించైతే ఎంత తక్కువ మాట్లాడితే అంత మేలు. కొమ్మూరి సాంబశివరావు చివర్లో దాచింది మనం మొదట్లోనే విప్పితే చదివేవాడికి మిగిలేది అట్ట మీది బొమ్మే.

మన స్పందనలో తగువు కూడా ఉండాలి. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ పేరుతో సినిమా కూడా అయింది. తండ్రి భారం మోస్తూ, తనకేం కావాలో మొహమాటపడకుండా చెప్పే ఇందిర గురించి ఇద్దరు పాఠకులు ఒకే మాట చెప్పడం నేను వినలేదు. ఒకరికి స్వార్థపరురాలు, ఇంకొకరికి ఆ పుస్తకంలో వెన్నెముక ఉన్న ఏకైక మనిషి. నేను రెండో పక్షం. థ్రిల్లర్లు తప్ప ముట్టనివాళ్లు కూడా నన్నడిగితే ముందు ఈ నవలే చెబుతాను. హత్యలుండవు, మలుపులు కూడా మామూలువే. అయినా ఇందిర తర్వాత ఏం చేస్తుందోనని, ఆవిణ్ని తిట్టుకుంటూనైనా చివరిదాకా చదువుతారు.