తలుపు చప్పుడు గారికి ఒక మనవి

తలుపు చప్పుడు గారికి, మారతహళ్లి నుంచి నమస్కారాలు.

పోయిన వారం ఓ రాత్రి పదకొండున్నరకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో ఇల్లు కట్టుకుంటుంటే (బెంగళూరులో నాకున్న సొంతిల్లు అదొక్కటే) మీరు తట్టారు. టక్, టక్, కాస్త ఆగి ఇంకో టక్. లేచి చూస్తే కారిడార్‌లో పక్కింటివాళ్ల చెప్పుల స్టాండ్ తప్ప ఏమీ లేదు. మీరు ఆటలోంచి తట్టారో, నా గుమ్మం మీదే తట్టారో ఇప్పటికీ తేలలేదు.

పుస్తకాల్లో మీకు ఇదే అలవాటని తెలుసు. జాకబ్స్ 1902లో రాసిన కోతి పంజా కథలో మీరు ఇల్లదిరేలా తలుపు బాది, తీరా తలుపు తీసేసరికి వీధి ఖాళీ. ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ అయితే 1797లో కలలో వచ్చిన పద్యం రాసుకుంటుంటే పోర్లాక్ అనే ఊరి నుంచి ఎవరో పని మీద వచ్చి గంటకు పైగా కూర్చున్నారని, ఆయన వెళ్లాక మిగతాది మర్చిపోయానని రాసుకున్నాడు. నా అనుమానం అది సాకే, మా ఆఫీసులో పనెంతవరకొచ్చిందో చెప్పే స్టాండప్ మీటింగ్‌లో నేనూ అలాంటివే చెప్తుంటాను.

డ్రాకులా మీకన్నా నయం, ఇంట్లోవాళ్లు మొదటిసారి రమ్మంటేగానీ గడప దాటడు. మా అపార్ట్‌మెంట్ గేటు యాప్‌కీ అదే రూలు. నేను నిద్రలో అప్రూవ్ నొక్కలేదని, నెల్లూరు బస్సు దిగిన మా నాన్న మామిడికాయల సంచితో ఇరవై నిమిషాలు గేటు బయటే నిలబడ్డారు.

ఆటల్లో మీ బంధువు హెరోబ్రైన్ అనే దెయ్యం ఉన్నాడు. 2010లో పుట్టిన పుకారు, మైన్‌క్రాఫ్ట్‌లో అసలు ఎప్పుడూ లేడు. అయినా ఆ కంపెనీవాళ్లే అప్‌డేట్ల చిట్టాలో 'హెరోబ్రైన్‌ని తీసేశాం' అని సరదాగా మళ్లీ మళ్లీ రాశారు. లేనివాణ్ని అన్నిసార్లు తీసేస్తే ఉన్నాడనే కదండీ అనుకుంటాం?

ఇక ఈ ఊళ్లో మీ పాత రికార్డు. 1990ల్లో రాత్రిళ్లు ఏదో దెయ్యం తలుపు కొడుతోందని బెంగళూరులో ఇళ్ల తలుపుల మీద కన్నడలో 'నాళె బా' అని రాసుకున్నారు, మనవైపు 'ఓ స్త్రీ రేపు రా'. ఆవిడ వచ్చి, శ్రద్ధగా చదువుకుని, సరే రేపొద్దామని వెళ్లిపోయేదట. రేపొచ్చినా అదే రాత. ఒక్క రోజు కూడా విసుక్కోలేదంటే, బతికున్నప్పుడు ఏదో సర్టిఫికెట్ కోసం గవర్నమెంటాఫీసు చుట్టూ తిరిగిన మనిషే అయ్యుంటుంది.

మీరు తట్టిన టెన్షన్‌తో నేనూ సుద్దముక్క తీసుకుని, ఆఫీసులో కన్నడ ఫ్రెండుతో అక్షరాలు సరిచూయించుకుని మరీ, తలుపు మీద పెద్దగా నాళె బా అని రాశాను. ఆ రాత్రి మీరు రాలేదు, థాంక్స్. కానీ మర్నాడు నా కీబోర్డు తెచ్చిన కొరియర్ కుర్రాడు, గేటు దగ్గర నేనే అప్రూవ్ చేసినా, మూడో అంతస్తుదాకా ఎక్కి, తలుపు చదివి, కిందికి దిగిపోయాడు. ఫోన్‌కి మెసేజ్: 'కస్టమర్ రేపు రమ్మన్నారు.'

నాలుగు రోజులుగా ఇదే నడుస్తోంది. చెరిపేద్దామంటే మీరొస్తారేమోనని భయం. పోనీ, ఈసారి వచ్చేటప్పుడు ఆ కీబోర్డు మీరే పట్టుకొస్తారా?

ఇట్లు,
లిఫ్టు పక్క ఫ్లాటువాడు