సొట్ట సోల

మా అమ్మమ్మ పోయి ఏడాది దాటింది. తద్దినం భోజనంలో ఆవకాయ ఉండదు కాబట్టి సంవత్సరీకం రోజు గండం గడిచిపోయింది గానీ, మర్నాడు ముద్దపప్పులోకి మా అత్త ఏదో సీసా మూత తీసేసరికి పెద్దమావయ్య ముద్ద నోట్లో పెట్టుకుని "కొన్నదా?" అన్నాడు, అంతే. అప్పటిదాకా బానే ఉన్న మా అమ్మ ఏడుపు, అమ్మని చూసి పిన్ని ఏడుపు, నేనేం తక్కువ తిన్నానా అని అత్త ఏడుపు. ఆ ఏడుపులోనే డిసైడైపోయింది, ఈ మే నెలలో అందరం ఊరొచ్చి అమ్మమ్మ ఆవకాయ అమ్మమ్మ కొలతలతోనే పెట్టాలని.

కొలతలంటే మా అమ్మమ్మకి గిద్ద, సోల, తవ్వ, మానిక. కిలో అన్నమాట ఆవిడ దగ్గర చెల్లదు. అమలాపురం నుంచి సైకిల్ మీద కూరగాయలు తెచ్చే అతను కిలో ఇంత అంటే "కిలో అంటే వీశెలో ముప్పావు కూడా రాదుగదయ్యా, మరి రేటు మాత్రం నిండు వీశెదా" అని అడిగేది, పాపం ఆ కుర్రాడు పుట్టేనాటికే వీశెలు మాయమై పాతికేళ్ళయింది. వయసు కూడా అంతే, సంవత్సరాల్లో చెప్పదు. 53 గోదారి వరదకి కాపరానికొచ్చాను, 86 వరదకి పెద్దాడికి సంబంధాలు చూస్తున్నాం, 96 తుఫానుకి మీ తాత గొడుగు పట్టుకుని దూడ కోసం వెళ్ళాడు. గొడుగు దొరకలేదు, దూడా తాతా దొరికారు. మేం లెక్కలేసుకోవాలి.

ఇప్పుడు సమస్య ఏంటంటే కొలతలు ఎవరూ రాసుకోలేదు. ఉన్నదల్లా మా తమ్ముడు ఫోన్లో తీసిన ఒక వీడియో, పదకొండు నిమిషాలు. మొదటి నిమిషం అమ్మమ్మ "ఫోటోనా? ఉండు, చీర మార్చుకొస్తా" అని లోపలికెళ్తుంది, తర్వాత నాలుగు నిమిషాలు గోడమీద క్యాలెండరు, మధ్యలో ఒక పిల్లి. ఆవిడ తిరిగొచ్చి "కారం సోల తలగొట్టి, ఆవపిండి సోల తలగొట్టి" అని, అంటే అంచుకి పైకొచ్చింది చేత్తో తుడిచేసి సమానంగా కొలవమని చెప్పి, సరిగ్గా ఉప్పు దగ్గరికి వచ్చేసరికి వెనకాల మా పిన్ని మిక్సీ ఆన్ చేసింది. "ఉప్పు ...ట్టదాకా" అని మాత్రం వినిపిస్తోంది. ఆ ఒక్క మాట కోసం అరుగుమీద పదిమందిమి కూర్చుని ముప్పైసార్లు విన్నాం. మావయ్య "చట్టిదాకా" అన్నాడు, మా అమ్మ "పొట్టదాకా" అంది, మిక్సీ వేసిన నేరం తనదే కాబట్టి నోరు మూసుకుని ఉండాల్సిన పిన్ని "నిట్టదాకా అంటోందక్కా, అంటే నిట్టనిలువుగా, గోపురంలా పొయ్యమని" అని తేల్చేసింది. నిట్టదాకా అనే మాట ఈ భూమ్మీద ఎవరైనా అన్నారా అని ఒక్కళ్ళం అడగలేదు.

కాయలు కొత్తపల్లి కొబ్బరి, యాభై, టెంక ముదిరినవి. నీళ్ళలో పోసి, తుడిచి, ఆరబెట్టి, కొట్టించి, ఒక్కో ముక్కకీ జీడి తీసి లోపలి పొర గోకేసరికి పిల్లల గోళ్ళన్నీ నల్లబడ్డాయి. తడిచేత్తో వాకిట్లోకొచ్చినవాళ్ళని మా అత్త దొంగల్ని తరిమినట్టు తరిమింది, ఆ విషయంలో మాత్రం అచ్చం అమ్మమ్మే. అమ్మమ్మ ఇత్తడి సోల తీశారు. పన్నెండు సోలల కారం, పన్నెండు ఆవపిండి, తలగొట్టి. ఉప్పు పన్నెండు, గోపురంతో! పిన్ని స్వయంగా పోసింది, జారిపోయినప్పుడల్లా చేత్తో మళ్ళీ ఎత్తి పెట్టింది. పప్పునూనె పోసి కలిపి జాడీలకెత్తి వాసెన కట్టి, అమ్మమ్మ ఫోటో ముందు ఒక నమస్కారం పెట్టి పడుకున్నాం.

మూడో రోజు తిరగకలిపి వేడన్నంలో మొదటి ముద్ద మావయ్యకి పెట్టారు. ఆయన నమిలాడు. ఆగాడు. కళ్ళు పెద్దవయ్యాయి. మా అమ్మ "అమ్మ గుర్తొచ్చిందా అన్నయ్యా" అంది గద్గదంగా. ఆయన చెయ్యి ఊపుతూ మంచినీళ్ళ చెంబు వైపు చూపించాడు. నేనూ ఓ ముక్క నాకి చూశా, సముద్రంలో మునిగి లేచినట్టే ఉంది.

అప్పుడు మా తమ్ముడు, ఈ పని మొదటిరోజే చెయ్యొచ్చుగా అని వాణ్ణి తర్వాత అందరం తిట్టాం, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సౌండు ఫుల్లుగా పెట్టి విని "సొట్ట. సొట్టదాకా" అన్నాడు.

అందరం సోల వైపు తిరిగాం. 96 నవంబర్ 6 తుఫాను రాత్రి వంటింటి కప్పులోంచి వాసం ముక్క విరిగి దానిమీద పడింది. బయట గుంట, లోపల బొటనవేలి కణుపంత ఉబ్బు, సరిగ్గా ముప్పావు కొలత దగ్గర. ఎన్నేళ్ళు చింతపండుతో తోమినా ఆ ఉబ్బు కింద ఉప్పు తిన్న చార అలాగే ఉంది, పైన ఇత్తడి తళతళా మెరుస్తోంది. అది మూడ్రోజులుగా మా చేతుల్లోనే ఉంది. తాత అప్పట్లో కొత్తది కొంటానంటే "కారట్లేదుగా" అని ఒద్దందట, పొదుపనుకున్నాం మేమందరం.

ఇంక మళ్ళీ సంతకి పరుగు. ఉప్పు వెయ్యకుండా ఇంకో ముప్పై కాయలు, ఎనిమిది సోలల కారం, ఎనిమిది ఆవపిండి, నూనె. జాడీలు చాలక అమ్మమ్మ పాలు కాచిన తపేలాలు కూడా నిండాయి. ఇంకా కాస్త ఉప్పగానే ఉంది గానీ మావయ్య మాత్రం ఉప్పు ఉప్పు అంటూనే మూడోసారి వడ్డించుకున్నాడు, బీపీ మాత్ర పక్కనే పెట్టుకుని.

అమ్మమ్మ గాజులు, గొలుసు పంచుకున్నప్పుడు మా ఇంట్లో ఒక్క మాట రాలేదు. సోల దగ్గర వచ్చింది. పెద్దకొడుకుని నాకే అని మావయ్య, ఆడపిల్లలకే అని మా అమ్మ. పిన్ని మాత్రం ఈ గొడవ నాకొద్దని బజారుకెళ్ళి కొత్త ఇత్తడి సోల కొనుక్కొచ్చి, ముప్పావు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, రోలు మీద పెట్టి పచ్చడిబండతో ఒక్కటేసింది. గీత పెట్టుకుంటే సరిపోయేదిగా అని బాబాయ్ అనేలోపు రెండోది కూడా పడింది.

ఇప్పుడు దాన్ని మా పిన్ని అరసోల అంటోంది.