సవరణ: హీటర్-కూలర్ నీరు రక్తంలో కలవదు

గుండె ఆపరేషన్లలో వాడే హీటర్-కూలర్ యంత్రాల గురించిన మా పోస్టులో “ట్యాంకులోని కలుషిత నీరు రోగి రక్తంలో కలుస్తుంది” అని ఉంది. అది సరికాదు. ఆ నీరు విడి గొట్టాల్లో తిరుగుతూ రక్తాన్ని వేడి చేయడమో చల్లబరచడమో చేస్తుంది, రక్తాన్ని తాకదు.

ప్రమాదం గాలిలోంచి వస్తుంది. ట్యాంకులో మైకోబ్యాక్టీరియం కైమేరా అనే బ్యాక్టీరియా పెరిగితే, నీటిలోంచి లేచే సన్నటి తుంపర్లను యంత్రం ఫ్యాను థియేటర్‌లోకి ఊదుతుంది. అవి తెరిచి ఉన్న ఛాతీలోనో, అమర్చబోయే కృత్రిమ కవాటం మీదో పడతాయి. ఈ క్రిమి చాలా నిదానంగా పెరుగుతుంది. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం లాంటివి నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడతాయి. అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ సీడీసీ 2016లో ఆసుపత్రులను దీనిపైనే హెచ్చరించింది.

కాబట్టి కుళాయి నీరు మానేసి స్టెరైల్ నీరో, 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాటిన నీరో పోసినంత మాత్రాన సరిపోదు. ట్యాంకు, గొట్టాలను తయారీదారు చెప్పిన పద్ధతిలో శుద్ధి చేయాలి. లోపల జిగట పొర కట్టిందంటే మందు దాని అడుగుదాకా చేరడం కష్టం. ఫ్యాను గాలి ఆపరేషన్ టేబుల్ వైపు రాకూడదు. వీలుంటే యంత్రాన్ని థియేటర్ బయటే పెట్టాలి; నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే.

పాత పోస్టును షేర్ చేసినవాళ్లు దయచేసి ఈ సవరణ కూడా పంపండి.