వీధిబడి గురించి పూర్తిగా చూపించండి

పల్లెటూరి బడుల చరిత్రకు మ్యూజియం కావాలంటూ వచ్చిన వ్యాసంతో నూటికి నూరుపాళ్లూ ఏకీభవిస్తున్నాను. అయితే పాత పలకలు, గంటలు పేర్చి ఊరుకోవద్దు. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల గురించి రాసిన నివేదిక అక్కడ తప్పకుండా ఉండాలి. అనంతపురం ప్రాంతం కూడా అప్పుడా జిల్లాలోదే. ఆయన లెక్క ప్రకారం జిల్లాలోని 533 బడుల్లో 226 తెలుగువి. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోవడమే! సోమరిపిల్లాణ్ణి చేతులు కట్టి కప్పుకు వేలాడదీయడం గురించీ రాశాడు. మన పెద్దలు చెప్పే కోదండం అదే. దాన్ని దాచొద్దు. మొత్తం 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మందే. ఆ అంకె గుమ్మం దగ్గరే పెద్దక్షరాలతో పెట్టండి.