ప్రైవేటు ట్రస్టట! గ్రాంటు మాత్రం సర్కారుది

ఇవాళ మధ్యాహ్నం ఒక వృద్ధాశ్రమం నుంచి పోస్టులో కవరొచ్చింది. విప్పితే, సమాచార హక్కు దరఖాస్తుతో నేను పంపిన పది రూపాయల పోస్టల్ ఆర్డరే గుండుసూది గుచ్చి వెనక్కి పంపారు. తోడుగా రెండు లైన్ల ఉత్తరం. "మాది ప్రైవేటు ట్రస్టు, సమాచార హక్కు చట్టం మాకు వర్తించదు."

నేనడిగిందేమిటి? మీ వృద్ధాశ్రమానికి మూడేళ్ళలో ప్రభుత్వ గ్రాంటు ఎంతొచ్చింది, ఎంతమంది ముసలివాళ్ళున్నారు, దేనికెంత ఖర్చయింది. దీనికే అంత ఉలుకెందుకు? గేటు పక్కన "ప్రభుత్వ ఆర్థిక సహాయంతో" అని బోర్డు పెట్టుకున్నరోజు గుర్తురాలేదా ప్రైవేటని?

ప్రభుత్వ నిధులు గణనీయంగా అందుకునే స్వచ్ఛంద సంస్థలూ 2005 సమాచార హక్కు చట్టం కిందికే వస్తాయని ఆ చట్టంలోనే ఉంది. 2019లో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఇంకా విడమరిచి చెప్పింది. నిధుల్లో సగానికి పైగా సర్కారువే అయ్యుండక్కర్లేదు, నగరంలో స్థలం ఉచితంగా ఇచ్చినా అది గణనీయమైన సాయమే కావచ్చంది. ఇంకేం కావాలి వీళ్ళకి?

ప్రభుత్వానికి యూసీలు (యుటిలైజేషన్ సర్టిఫికెట్లు) ఇస్తున్నాంగా అంటారు. యూసీ అంటే ఏంటండీ, ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే వాడామని వాడినవాళ్ళే సంతకం పెట్టే కాగితం. సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ తనంత తానుగా ఆడిట్ చెయ్యాలంటే సాయం 25 లక్షలకు తగ్గకూడదు, ఆ సంస్థ మొత్తం ఖర్చులో 75 శాతానికీ తగ్గకూడదు. దానికి కాస్త కిందున్నవాళ్ళని అడిగేదెవరు? దేశంలో స్వచ్ఛంద సంస్థల్లో పది శాతం కూడా బ్యాలెన్స్ షీట్లు ఇవ్వడం లేదని 2015లో సీబీఐ సుప్రీంకోర్టుకే చెప్పింది. ఆ తర్వాతైనా సిగ్గు రావాలిగా!

నాకు కడుపు మండేది ఇక్కడే. మా నాన్న ఉద్యోగం చేసి సంపాదించుకున్న పింఛను అందుకోవాలంటే ఏటా నవంబరులో బతికున్నానని రుజువు చూపాలి. పోయినేడు వేలిముద్ర పడలేదు. వేళ్ళు అరిగిపోయాయి. వేలిముద్ర తీసుకునే కుర్రాడు తడిగుడ్డతో తుడిచి పెట్టించాడు, పడలేదు. ఇంకో వేలు, మళ్ళీ పడలేదు. ఆరోసారికి మా నాన్న చెయ్యి వణికిపోతోంది. "ఎదురుగా కూర్చున్నాను కదయ్యా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. సొంత కష్టార్జితానికి ఆయన ఆరుసార్లు వేలు పెట్టాలి. జనం సొమ్ము తీసుకున్నవాళ్ళు మాత్రం రెండు లైన్లు రాసి తలుపేసుకుంటారు!

సేవ చేసేవాళ్ళని అనుమానిస్తావా అని ఇప్పటికే ఒకాయన ఫోన్ చేశాడు. నిజంగా సేవ చేసేవాళ్ళు నాకూ తెలుసు. అడక్కముందే కిరాణా బిల్లులతో సహా ముందు పెడతారు. ఇలాంటివాళ్ళ వల్ల వాళ్ళకీ చందాలు పుట్టడం లేదు, ఆ కోపం కూడా ఉంది నాకు.

సమాచార కమిషన్‌కి ఫిర్యాదు రాసేశాను. రేపు పొద్దున్నే పోస్టు చేస్తాను. వాళ్ళ ఉత్తరం, ఆ పోస్టల్ ఆర్డరు, గుండుసూది తియ్యకుండా అలాగే జెరాక్స్ తీయించి జత చేస్తున్నాను.