శ్రీ ‘టక్’ గారికి బహిరంగ లేఖ

ఒంగోలు.

మహారాజశ్రీ ‘టక్’ గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మా కారు సంగతి మీకు తెలియనిది కాదు.

నన్ను గుర్తుపట్టారనుకుంటాను. 1997 మోడల్ మారుతి 800 ఓనర్ని. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు నానిన బిస్కట్ రంగు. తాళం తిప్పగానే ఇంజిన్ లేవాల్సిన చోట మీరొక్కరే లేచి, ‘టక్’ అని మళ్లీ పడుకుంటారే, ఆ కారు.

ఒక్క మాటతో మీరు మా వీధిలో ఎంతమందిని ఇంజినీర్లను చేశారో! ఆ రోజు తెల్లారుజామున సింగరాయకొండలో పెళ్లికి బయల్దేరాం. పట్టుచీరలూ అక్షింతలూ అన్నీ కార్లో సర్దుకున్నాక మీరు పలికారు. “బ్యాటరీ పోయింది బావా, మార్చెయ్” అన్నాడు మా బావమరిది, బానెట్ ఎత్తకుండానే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు నేనూ సరే అన్నాను. గిత్తలకు పేరుపడ్డ ఊరు కదా, ఇక్కడ ఆ సామెతకు గిరాకీ ఎక్కువ.

అప్పటికి నలుగురు పంచెలు ఎగ్గట్టి తోశారు. రెండో గేరులో క్లచ్ వదిలానో లేదో, బండి ఠక్కున అందుకుంది. నెట్టగానే స్టార్టయిందంటే పెట్రోలుకీ, ప్లగ్గులకీ, కార్బ్యురేటర్‌కీ ఏ పాపమూ తెలియదన్నమాట. మీ గుట్టు అప్పుడే బయటపడింది. పెళ్లి భోజనం ధ్యాసలో ఎవరం పట్టించుకోలేదు.

మర్నాడు నాలుగు వేల చిల్లర పోసి కొత్త బ్యాటరీ బిగించాను. దాని మీద మీ గొంతు ఇంకా ఖంగున పలికింది. మెకానిక్ వచ్చి ప్లగ్గులు మార్చాడు. టక్. కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. టక్. అసలు తిరగని ఇంజిన్‌కు కార్బ్యురేటర్ కడగడమంటే, నిద్ర లేవని పిల్లాడికి క్యారేజీ సర్దడమే. కానీ మెకానిక్‌కి ఎదురు చెప్పే ధైర్యం, డాక్టర్‌కి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేవు. మా అత్తయ్య మాత్రం ఎవరి సలహా అడక్కుండా ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. పొదలకూరు నిమ్మకాయే, ఆవిడ వేరే ఊరి కాయ ముట్టదు.

చివరికి మీ భాష నేర్చుకోక తప్పలేదు. ‘టకటకటక’ అని కంగారుపడే తమ్ముడొకడున్నాడట మీకు. వాడు పలికితే చాలాసార్లు బ్యాటరీ నీరసమే. పెద్ద కరెంటుకు దారి తెరిచే అయస్కాంతపు స్విచ్చి, సోలినాయిడ్, పట్టుకుంటుంది, ఇంజిన్‌ను తిప్పి లేపే సెల్ఫ్ మోటార్ కరెంటు లాగగానే ఓల్టేజి పడిపోయి వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్చి దగ్గరో, సోలినాయిడ్‌కి వెళ్లే సన్న వైరు దగ్గరో వెతకాలి. మీరేమో నింపాదిగా ఒక్కసారే పలుకుతారు. అంటే తాళం కబురు సోలినాయిడ్ దాకా వచ్చింది, ఆ తర్వాత వెళ్లాల్సిన పెద్ద కరెంటు వెళ్లలేదు. సోలినాయిడ్ లోపలి పాయింట్లు మాడినా, సెల్ఫ్‌లో బ్రష్‌లు అరిగినా, కేబుల్ చివర్లు తుప్పు పట్టినా పలికేది మీరే.

లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, కరెంటు ఉన్నట్టే కదా అని వాదించాను. హెడ్‌లైటుకు నాలుగైదు ఆంపియర్లు చాలు. సెల్ఫ్‌కు వంద పైనే కావాలి. ప్రకాశం జిల్లా వాణ్ణి, నాకిది ముందే అర్థం కావాల్సింది. సాగర్‌లో నీళ్లు నిండుగా ఉన్నాయని పేపర్లో వస్తుంది, ఒంగోలు బ్రాంచి కాలువ చివరి పొలం మాత్రం నెర్రెలు విచ్చి ఉంటుంది.

మీటర్ తెచ్చి పెడితే బ్యాటరీలో 12.6 ఓల్టులు. సాగర్ నిండే ఉంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర పుల్ల ఇంజిన్ లోహం మీద ఆనించి, మా ఆవిడను తాళం తిప్పమన్నాను. ఇంజిన్ నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగొచ్చే దారి బాగుంటే, అక్కడ అర ఓల్టు చూపించినా ఎక్కువే. నాలుగు చూపించింది! ఇంకో నాలుగుసార్లు తిప్పించి చూశాను, అంతే. ఆ హడావిడిలో, డ్యాష్‌బోర్డు నుంచి కార్బ్యురేటర్‌కు వెళ్లే చోక్ తీగకు చెయ్యి తగిలింది. వెచ్చగా ఉంది. దారి మూసుకుపోయిన కరెంటు, పాపం, ఆ సన్న తీగలో పడి వెళ్తోంది.

ముందు మైనస్ టెర్మినల్ విప్పి, ఆ తిరుగుదారి అయిన, గేర్‌బాక్స్‌కు బిగించిన ఎర్త్ కేబుల్ ఊడదీశాను. పైన తొడుగు నిగనిగలాడుతోంది. బ్లేడుతో చీరితే రాగి పోగుల బదులు పచ్చటి చిలుము పొడి రాలింది. ప్రతి ఆదివారం కొత్తపట్నం ఒడ్డున సముద్రానికి ఎదురుగా కారు నిలిపి, ఉప్పుగాలి తగిలించి, ఏనాడూ బానెట్ కింద తొంగిచూడని మహానుభావుణ్ణి నేనే. కంపెనీని ఏమీ అనను.

కొత్త కేబుల్ వేసి, బోల్టు కింద గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాను. తాళం తిప్పితే మీరు పలికే లోపే ఇంజిన్ పలికింది. కేబుల్ ఖరీదు ఇక్కడ రాయను. బ్యాటరీ బిల్లు పక్కన అది చూస్తే మా ఆవిడకు బీపీ.

మీటరూ, చీరిన కేబులూ బల్ల మీద పెట్టి ఇదంతా ఇంట్లో విడమరిచి చెప్పాను. అత్తయ్య ఓపిగ్గా మొత్తం విని, “ఎన్ని చేసినా, నిమ్మకాయ పెట్టాకే కదయ్యా లేచింది” అంది.

ఇట్లు,
మీ గొంతు మరిచిపోలేని,
ఒంగోలు వాసి